పందెం గెలిచి షెడ్డుకెళ్లిన ఇంజన్

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ అక్షరాల్లో పెడుతున్నాం, షిఫ్టులో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.

అందరికీ నమస్కారం. నైట్ షిఫ్టు ముగించుకుని బస్సులో కునికిపాట్లు పడుతున్నవాళ్లకి, దోహాలో, దుబాయ్‌లో క్యాంపు గదిలో పైబెర్తు మీద పడుకుని చెవిలో పెట్టుకున్నవాళ్లకి, మలేషియాలో తోట పని ముగించి వింటున్నవాళ్లకి, అందరికీ. పోయినసారి జీతం స్లిప్పు ఎలా చదువుకోవాలో చెప్పుకున్నాం. ఈసారి ఒక రైలింజన్ కథ చెప్తాను. "మాకెందుకు అన్నా రైలింజను" అనుకోకండి. చివరిదాకా వింటే ఇది మన పని గురించే అని మీకే తెలుస్తుంది.

ముందు ఈ కథ నాకెలా దొరికిందో చెప్పాలి. నేను లండన్ వచ్చిన కొత్తలో స్ట్రాట్‌ఫర్డ్‌లో వెస్ట్‌ఫీల్డ్ అనే పెద్ద షాపింగ్ మాల్‌లో రాత్రిపూట నేల తుడిచే పని చేశాను. ఉండేది ఈస్ట్ హామ్‌లో, ఒక గదిలో నలుగురం. మాతోపాటు పనిచేసే ఒక తెల్లాయన, అరవై దాటిన మనిషి, ఒక రాత్రి టీ తాగుతూ అడిగాడు: "నువ్వు తుడిచే ఈ నేల మీద ఒకప్పుడు ఏముండేదో తెలుసా?" తెలీదన్నాను. "రైలింజన్ల కార్ఖానా. మా తాత ఇక్కడ బాయిలర్లు చేసేవాడు" అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మా తాత కూడా ఇంజన్ మనిషే. నెల్లూరు జిల్లా బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మ్యాన్. బొగ్గు విసిరి విసిరి ఆయన కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగిపోయి ఉండేది. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ షెడ్డు మూతబడింది, ఊరూ సద్దుమణిగింది. స్ట్రాట్‌ఫర్డ్ కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు చెప్పుల షాపులు, కాఫీ షాపులు. రెండు చోట్లా జరిగింది ఒకటే.

ఆ రోజు నుంచి సెలవు దొరికితే లైబ్రరీలో కూర్చుని ఆ కార్ఖానా సంగతులు చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికింది ఈ ఇంజన్.

సరే, కథలోకి వద్దాం. 1900 ప్రాంతం అనుకోండి. తూర్పు లండన్‌కి, ఈశాన్య లండన్‌కి రైళ్లు నడిపేది గ్రేట్ ఈస్టర్న్ రైల్వే అనే కంపెనీ. దాని పెద్ద స్టేషన్ లివర్‌పూల్ స్ట్రీట్. పేరు చూసి లివర్‌పూల్ ఊరనుకోకండి, లండన్ నడిబొడ్డునే ఉంది. ఆ స్టేషన్‌కి లైను వేయడానికి కూలివాళ్ల ఇళ్లు చాలా కూలగొట్టారు. ఇళ్లు పోయినవాళ్లు దూరంగా వెళ్లి ఉండాలి కాబట్టి, ఎడ్మంటన్, వాల్తమ్‌స్టో వైపు నుంచి పనివాళ్ల కోసం తెల్లవారుజామున చవక రైళ్లు నడపాలని 1864లో పార్లమెంటు చట్టంలో షరతు పెట్టింది. టికెట్ రానూపోనూ 2 పెన్నీలు.

దాంతో ఏమైంది? అద్దెలు తక్కువ, రైలు చవక. పనివాళ్లంతా ఆ లైను పక్కకే చేరారు. వాల్తమ్‌స్టో, టాటెన్‌హామ్, లేటన్, ఇవన్నీ చూస్తుండగానే ఊళ్లయిపోయాయి. ఇప్పుడు మనవాళ్లు కాపురాలున్న ఇరుకు వరస ఇళ్లు చాలావరకు ఆ రోజుల్లో కట్టినవే. లివర్‌పూల్ స్ట్రీట్‌ని 1894లో 18 ప్లాట్‌ఫాంలకు పెంచారు. అయినా పొద్దున్నే జనం కిక్కిరిసిపోయేవాళ్లు.

అప్పుడే కరెంటు వచ్చింది. 1900లో లండన్ భూమి కింద సెంట్రల్ లండన్ రైల్వే మొదలైంది, కరెంటుతో నడిచేది. వీధుల్లోకి కరెంటు ట్రాములు దిగుతున్నాయి. ఇది చూసి కొందరు, "ఈశాన్య లండన్‌కి మేం కొత్తగా కరెంటు రైలు వేస్తాం" అని పార్లమెంటుకి బిల్లు పెట్టారు. వాళ్ల వాదన ఒకటే. కరెంటు రైలు 315 టన్నుల బరువుతో ఆగినచోట నుంచి బయల్దేరి 30 సెకన్లలో గంటకు 30 మైళ్ల వేగం అందుకుంటుంది. ఆవిరి ఇంజన్‌కి అది చేతకాదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. 30 మైళ్లు పెద్ద వేగమేం కాదు కదా, దానికింత గొడవెందుకు? సంగతేంటంటే, ఇది మైలు మైలుకూ స్టేషన్ ఉన్న లైను. ఆగడం, బయల్దేరడం, మళ్లీ ఆగడం. గరిష్ఠ వేగంతో పనిలేదు, ఎంత త్వరగా పుంజుకుంటుందన్నదే లెక్క. ఒక్కో స్టేషన్ దగ్గర అర నిమిషం మిగిలితే గంటకు ఇంకో రెండు మూడు రైళ్లు అదే పట్టాల మీద నడపొచ్చు.

ఇందులో కరెంటుకి పుట్టుకతోనే లాభం ఉంది. పవర్‌హౌస్ ఎక్కడో ఉంటుంది, బరువు మోసుకు తిరగక్కర్లేదు. మోటార్లను నాలుగైదు పెట్టెల కింద పంచి పెట్టొచ్చు, కాబట్టి చాలా చక్రాలు పట్టాని పట్టుకుంటాయి. ఆవిరి ఇంజన్ అలా కాదు. పొయ్యి, నీళ్లు, బొగ్గు అన్నీ తన వీపు మీదే. లాగాల్సింది ఆ ఒక్క ఇంజన్ చక్రాలే. ఎంత ఆవిరున్నా చక్రం మీద బరువు చాలకపోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, రైలు కదలదు. మా తాత చెప్పేవాడు, వానపడిన రోజు గూడ్సు బయల్దేరదీయాలంటే పట్టా మీద ఇసుక పోసుకుంటూ ఎలా బతిమాలేవాళ్లో. "బాయిలర్‌లో ఎంత బలం ఉంటే ఏం అబ్బయా, పట్టా ఒప్పుకోవాల" అనేవాడు.

గ్రేట్ ఈస్టర్న్‌లో ఇంజన్ల విభాగం పెద్ద జేమ్స్ హోల్డెన్. చిన్న మనిషి కాదు. 1891లో ఆయన హయాంలోనే స్ట్రాట్‌ఫర్డ్ కార్ఖానాలో ఒక గూడ్సు ఇంజన్‌ని 9 గంటల 47 నిమిషాల్లో బిగించి బయటికి తోలారు. అది ప్రపంచ రికార్డు. బొగ్గు బదులు నూనెతో ఇంజన్లు నడిపి చూసిందీ ఆయనే. అలాంటి మనిషిని కంపెనీ అడిగింది: కరెంటు చేసే పని ఆవిరితో చేసి చూపించగలవా?

ఆయన మనుషులు గీసి, 1902 చివరికి స్ట్రాట్‌ఫర్డ్‌లోనే చేసి నిలబెట్టారు. నంబరు 20. కంపెనీ లెక్కల్లో ఏ55 క్లాసు. క్లాసు అన్నారే గానీ ఆ క్లాసులో ఉన్నది ఆ ఒక్కటే. జనం పెట్టిన పేరు డెకపాడ్, అంటే పది కాళ్లది.

ట్యాంక్ ఇంజన్ అంటే తెలుసుగా? వెనక బొగ్గు, నీళ్ల బండి విడిగా ఉండదు. అన్నీ ఇంజన్ ఒంటి మీదే. ఈ డెకపాడ్ 80 టన్నుల ట్యాంక్ ఇంజన్. 10 చక్రాలు, పదింటినీ కడ్డీలతో కలిపి కట్టేశారు, పదీ లాగే చక్రాలే. బరువు మోయడానికని ఊరికే తిరిగే చక్రం ఒక్కటీ లేదు. 80 టన్నుల్లో ప్రతి టన్నూ పట్టాని పట్టుకోడానికే. బ్రిటన్‌లో అలా 10 చక్రాలు కలిపిన ఇంజన్ అంతకుముందు లేదు. చక్రాలు 4 అడుగుల 6 అంగుళాలు. చిన్న చక్రాలైతే బయల్దేరేటప్పుడు బాగా లాగుతాయి. మామూలుగా రెండు సిలిండర్లుండే చోట మూడు పెట్టారు. చదరపు అంగుళానికి 200 పౌన్ల ఒత్తిడి. అంత ఆవిరి పుట్టాలి కాబట్టి చక్రాల పైకి పరిచినట్టుండే వెడల్పాటి ఫైర్‌బాక్స్, చాలా లావు బాయిలర్. ఫొటో చూస్తే మెడ లేని పహిల్వాన్‌లా ఉంటుంది.

తర్వాత ట్రయల్స్. 300 టన్నులకు పైబడ్డ రైలు తగిలించారు, కొలిచేవాళ్లు గడియారాలు పట్టుకుని కూర్చున్నారు. 30 సెకన్లలో 30 మైళ్లు. అందుకుంది!

ఆవిరికి చేతకాదన్న పని ఆవిరి చేసి చూపించింది. కరెంటు రైలు బిల్లు పార్లమెంటులో గట్టెక్కలేదు. ఒక్క ఇంజన్ వల్లే పోయిందని నేననను, అలాంటి బిల్లులు పడిపోడానికి డబ్బు దగ్గర్నుంచి చాలా కారణాలుంటాయి. కానీ కంపెనీకి కావాల్సింది దక్కింది. పోటీ వాళ్లు తన ఇలాకాలోకి రాలేదు.

ఇప్పుడు మీరేమనుకుంటారు? ఇంత గొప్ప ఇంజన్‌ని ఇరవై ముప్ఫై చేసి ఉంటారు, వాల్తమ్‌స్టో పనివాళ్లు హాయిగా వెళ్లి ఉంటారు. కదా?

ఒక్కటి కూడా చేయలేదు. ఉన్న ఆ ఒక్కదాన్ని కూడా రోజువారీ సర్వీసులో పెట్టలేదు. ఎందుకంటే వంతెనలు. 80 టన్నులు అంత పొట్టి ఇంజన్‌లో కుక్కితే ఆ బరువంతా వంతెన మీద ఒకేచోట పడుతుంది. ఆ లైన్ల మీద వంతెనలు దానికి కట్టినవి కావు. ఈ ఇంజన్లు నడపాలంటే వంతెనలు బలం చేయాలి, లైను బలం చేయాలి. ఆ ఖర్చు పెట్టే ఉద్దేశం కంపెనీకి లేదు. పందెం గెలవడానికి ఒక ఇంజన్ చాలు. సర్వీసు నడపాలంటే లైనంతా మార్చాలి.

1906లో డెకపాడ్‌ని విప్పేశారు. 8 చక్రాల గూడ్సు ఇంజన్‌గా మార్చి, వెనక టెండర్ తగిలించి బరువులు లాగడానికి పంపారు. 1913లో తుక్కు కింద కొట్టేశారు. పుట్టి పదకొండేళ్లు కూడా సరిగ్గా నిండలేదు, అందులో ట్యాంక్ ఇంజన్‌గా బతికింది నాలుగేళ్లు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ఇది ఇంతకుముందు ఈ మైకు ముందు చెప్పలేదు.

మాల్ పని మానేశాక ఒక గిడ్డంగిలో చేరాను. పేరు చెప్పను. స్కానర్ పట్టుకుని అరల మధ్య తిరిగి సరుకు ఏరి ట్రాలీలో వేసే పని. సరుకు సొంతదారు ఇంకో కంపెనీ. వాళ్లు, "మీ మనుషులు నెమ్మది, మేం మిషన్లు ఉన్న వేరే చోటికి పోతాం" అన్నారట. అప్పుడు మా సూపర్‌వైజర్ ముగ్గుర్ని ఎంచాడు, అందులో నేనొకణ్ణి. రెండు వారాలు ట్రయల్. మామూలుగా గంటకు 90 ఏరేవాళ్లం. ఈ రెండు వారాలూ మా దారికి ఎవరూ అడ్డు రాలేదు. ఖాళీ ట్రాలీలు ఎవరో తెచ్చిచ్చేవాళ్లు, నిండినవి ఎవరో తోసుకెళ్లేవాళ్లు. అట్టపెట్టెలు ముందే కోసి పెట్టేవాళ్లు. నేను 140 దాకా తీశాను. సరుకు కంపెనీ వాళ్లు వచ్చి నిలబడి చూశారు. ఒకాయన నా భుజం తట్టాడు. అబద్ధం ఎందుకు, గర్వంగానే అనిపించింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పాను.

కాంట్రాక్టు నిలబడింది. మరుసటి నెల గోడ మీద కొత్త టార్గెట్ పెట్టారు. అందరికీ గంటకు 130. ట్రాలీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, పెట్టె ఎవరిది వాళ్లే కోసుకోవాలి.

మా షిఫ్టులో తణుకు దగ్గర్నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. యాభై దాటాయి. అప్పటికే మణికట్టు నొప్పి, రాత్రి కట్టు కట్టుకుని వచ్చేది. నాకు డబ్బాలో పులిహోర తెచ్చిపెట్టిన మనిషి. ఒకరోజు బ్రేక్‌లో నా పక్కన కూర్చుని, కోపం లేకుండానే అంది: "తమ్ముడూ, నువ్వు రెండు వారాలు పరిగెత్తావు. ఇప్పుడు మేం ఏడాదంతా పరిగెత్తాలి."

నేనేం చెప్పాలి? నన్నెవరూ బలవంతం చేయలేదు. చేయగలవా అంటే చేశాను. మనకి అది అలవాటే కదా. పరాయి దేశంలో ఎవడైనా "నీకు చేతకాదు" అంటే ముందు చేసి చూపించాలనిపిస్తుంది. వీసా కాగితం ఒకటి నెత్తి మీద వేలాడుతుంటే ఇంకా అనిపిస్తుంది.

మేం ఆరుగురం కూర్చుని ఒక కాగితం రాశాం. ట్రయల్‌లో ఎవరెవరు ఏయే సాయం చేశారో, ఇప్పుడు ఏది లేదో, వరసగా. తిట్లేం లేవు, లెక్కే. అక్షరం నాది, సంతకాలు ఆరు. తిరిగి తిరిగి నాలుగు నెలలకి టార్గెట్ 105కి దిగింది. అప్పటికి అక్క మానేసింది. ఇప్పుడు ఒక బడి వంటగదిలో చేస్తోంది. ఈస్ట్ హామ్ గుడిలో కనిపిస్తే నవ్వుతూనే పలకరిస్తుంది. నేనే తల ఎత్తి మాట్లాడలేను.

సరే. డెకపాడ్ కథకి ఇంకో ముక్క మిగిలింది, అది చెప్పకపోతే అన్యాయం.

డెకపాడ్ గీసినవాళ్లలో ముఖ్యుడు ఎఫ్. వి. రసెల్ అనే ఇంజనీరు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక జనం ఇంకా పెరిగారు. మళ్లీ కరెంటు మాట వచ్చింది. లెక్కేస్తే సుమారు 30 లక్షల పౌన్లు. కంపెనీ దగ్గర అంత లేదు. అప్పుడు అదే రసెల్ ఇంకో దారి చెప్పాడు. ఈసారి భారీ ఇంజన్ జోలికి పోలేదు. రైలు ఎక్కడెక్కడ ఊరికే ఆగిపోతోందో చూశాడు.

లివర్‌పూల్ స్ట్రీట్‌లో లైను అక్కడితో ఆఖరు. రైలు లోపలికి వచ్చాక దాని ఇంజన్ ముందువైపు ఇరుక్కుపోతుంది. దాన్ని తప్పించి రెండో వైపు తగిలించేదాకా ప్లాట్‌ఫాం ఖాళీ కాదు. రసెల్ ఏం చేశాడంటే, ప్లాట్‌ఫాం చివర పక్క పట్టా వేసి అక్కడ ఇంకో ఇంజన్‌ని ముందే సిద్ధంగా నిలబెట్టాడు. రైలు రాగానే వెనక నుంచి అది తగులుకుని లాక్కెళ్తుంది. ఇరుక్కున్న ఇంజన్ పక్క పట్టాకి జరిగి తర్వాతి రైలు కోసం కాచుకుంటుంది. నాలుగు నిమిషాల్లో రైలు తిరుగుముఖం. ఏ పెట్టె ఏ క్లాసో వెతుక్కుంటూ జనం పరిగెత్తకుండా, ఫస్ట్ క్లాసు పెట్టెలకి పైన పసుపు పట్టీ, సెకండ్ క్లాసుకి నీలం పట్టీ పూయించాడు. ఆ రంగులు చూసే జనం వాటికి జాజ్ రైళ్లని పేరు పెట్టారు. సిగ్నళ్లు, పట్టాలు సర్దుకోడానికి అయిన ఖర్చు సుమారు 80 వేల పౌన్లు. 1920 జులైలో మొదలైంది. రద్దీ వేళ గంటకు 24 రైళ్లు.

ఆ రైళ్లు లాగినవి ఏ ఇంజన్లో తెలుసా? చాలావరకు చిన్న 6 చక్రాల ట్యాంక్ ఇంజన్లు. బరువు 40 టన్నుల చిల్లర, డెకపాడ్‌లో సగం. హోల్డెన్ 1890లో మొదలుపెట్టిన రకమే. అంటే డెకపాడ్ పుట్టకముందు నుంచీ ఆ షెడ్డులోనే ఉన్నాయి. ఆ వంతెనలు వాటిని రోజూ మోస్తూనే ఉన్నాయి. ఆ జాతిలో ఒకటి, నంబరు 87, ఇప్పటికీ ఉంది. నార్ఫోక్‌లో బ్రెసింగ్‌హామ్ మ్యూజియంలో పెట్టారు. డెకపాడ్‌ది మాత్రం ఫొటోలే మిగిలాయి.

జాజ్ రైళ్లని కూడా మరీ మోసేయను. ఆ లెక్క నిలబడిందంటే నాలుగు నిమిషాల్లో కొక్కెం విప్పి తగిలించే మనిషి, పొద్దంతా పొయ్యికి బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ ఒళ్లు వంచబట్టే. మా తాత భుజం చూసినవాణ్ణి, నాకు తెలుసు. ఆఖరికి ఆ లైన్లకి కరెంటు రాక తప్పలేదు. ఇల్‌ఫర్డ్ మీదుగా షెన్‌ఫీల్డ్‌కి 1949లో, చింగ్‌ఫర్డ్, ఎన్‌ఫీల్డ్ లైన్లకి 1960లో. అంటే 1902లో "ఆవిరి చాలు" అని నిరూపించాక వాల్తమ్‌స్టో మనిషి కరెంటు రైలు ఎక్కడానికి 58 ఏళ్లు పట్టింది. పందెం గెలిచింది కంపెనీ, ఎదురుచూసింది అతను.

అందుకే ఒక మాట. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి "నువ్వు గట్టివాడివి, రెండు వారాలు చేసి చూపించు" అంటే వెంటనే వద్దనమని నేను చెప్పను. మన పరిస్థితిలో అలా అనలేం కూడా. కానీ మూడు ప్రశ్నలు అడగండి, లేదంటే మీలో మీరైనా వేసుకోండి. ఈ ట్రయల్ ఎవరికి చూపించడానికి? ట్రయల్‌లో ఇచ్చే సాయం తర్వాత కూడా ఉంటుందా? ఈ అంకె రేపు ఎవరి మీద పడుతుంది? జవాబులు ఫోన్‌లో తేదీతో రాసి పెట్టుకోండి. మేం ఆ కాగితం రాసినప్పుడు సగం గుర్తుకు రాక ఇబ్బంది పడ్డాం. ముందే రాసుకుని ఉంటే నాలుగు నెలలు పట్టేది కాదేమో.

మీకూ ఇలాంటిది జరిగి ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పక్కర్లేదు, కంపెనీ పేరు అసలే వద్దు. వచ్చేవారం, ఊరికి డబ్బు పంపేటప్పుడు రేటులో ఎక్కడెక్కడ కోత పడుతుందో ఒక తమ్ముడు లెక్కేసి చెప్తాడు. అక్కా, నువ్వు వింటుంటే, ఈ ఆదివారం గుడి దగ్గర నేనే వచ్చి మాట్లాడతాను. ఉంటాను మరి. జాగ్రత్త అందరూ.